మెదడులో అయస్కాంత నానోకణాలు: మన జిల్లాలవాళ్లు అడుగుతున్న ప్రశ్నలు

నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. డాక్టర్ని కాను. అయస్కాంత పదార్థాల మీద ఇష్టం కొద్దీ ఈ పరిశోధనల గురించి చాలాకాలంగా చదువుతున్నాను. "ఆపరేషన్ లేకుండా అయస్కాంతంతో వణుకుడు జబ్బు పోతుందట, నిజమేనా?" అని పేషెంట్ల ఇళ్లవాళ్లు అడుగుతున్నారు. వాళ్లు వణుకుడు జబ్బు అంటున్నది పార్కిన్సన్స్‌నే. మా విద్యార్థులూ అడుగుతున్నారు. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. మందుల విషయంలో మీ న్యూరాలజిస్టు చెప్పిందే వినండి. ఈ వార్తల వెనకున్న సైన్సేమిటి, అది ఎంతదాకా వచ్చింది అన్నదే నేను చెప్పగలిగింది.

అసలు ఇదేటి సార్? మెదడులో అయస్కాంతం పెడతారా?

అయస్కాంతం ముక్క కాదండి, నానోకణాలనే అతిచిన్న రేణువులు. ఇనుము, ఆక్సిజన్ కలిసిన మాగ్నెటైట్ అనే పదార్థంతో చేస్తారు. ఒక్కో రేణువు 20 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. తలవెంట్రుక మందంలో ఇలాంటివి కొన్ని వేలు పక్కపక్కన పడతాయి. వీటిని ద్రవంలో కలిపి, సన్నని సూదితో మెదడులో కావలసిన చోట ఒక చుక్క కంటే చాలా తక్కువ ఎక్కిస్తారు. ఆ తర్వాత బయట కాయిల్ పెట్టి, వేగంగా దిక్కు మార్చుకునే అయస్కాంత క్షేత్రాన్ని ఇస్తారు. అది చర్మం, ఎముక, మెదడు అన్నిటినీ దాటి లోపలికి పోతుంది. దారిలో దాదాపు ఏదీ దాన్ని ఆపదు. రేణువులు మాత్రం దాని శక్తిని పట్టుకుని వేడిగానో, విద్యుత్తుగానో, చిన్న తోపుగానో మారుస్తాయి. దాంతో పక్కనున్న నాడీకణం కదిలి సంకేతం పంపుతుంది.

రిమోట్ అనగానే ఎక్కడో కూర్చుని నొక్కే బటన్ అనుకోవద్దు. ఇక్కడ దూరమంటే తలకీ కాయిల్‌కీ మధ్య ఉండే కొన్ని సెంటీమీటర్లే.

అయితే ఆపరేషన్ లేకుండానే అన్నమాట?

కాదు. వీడియోల్లో ఎక్కువగా తప్పు చెబుతున్నది ఇక్కడే. రక్తంలోంచి వచ్చే ఇలాంటి రేణువులను మెదడు రక్తనాళాల గోడలు లోపలికి రానివ్వవు. అందుకే ఇప్పటిదాకా చేసిన ముఖ్యమైన ప్రయోగాల్లో ఎలుక పుర్రెకి చిన్న రంధ్రం చేసి సూదితోనే ఎక్కించారు. తీగ, బ్యాటరీ లోపల ఉండిపోవు అన్నది నిజం. సూది మాత్రం తప్పదు.

కరెంటు ఇవ్వడానికి తీగ ఉంది కదా, ఇంత తంటా ఎందుకు?

తీగతో చేసే చికిత్స పేరు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, డాక్టర్లు డీబీఎస్ అంటారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిద్ అనే న్యూరోసర్జన్ 1987లో దీనికి ఇప్పటి రూపం ఇచ్చాడు. మెదడు లోతుల్లోకి ఎలక్ట్రోడ్ దింపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టి, రెండిటినీ మెడలోంచి తీగతో కలుపుతారు. వణుకు, బిగుతు బాగా తగ్గినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కానీ తీగ తెగొచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, ఎలక్ట్రోడ్ దింపేటప్పుడు రక్తస్రావం కావచ్చు. కొన్ని రకాల బ్యాటరీలను కొన్నేళ్లకోసారి మార్చాలి.

తీగే వద్దనుకుంటే టీఎంఎస్ ఉంది. తల మీద కాయిల్ పెట్టి అయస్కాంత పల్స్ ఇచ్చే ఈ పద్ధతిని 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చూపించింది. ఇప్పుడు డిప్రెషన్‌కి వాడుతున్నారు. అయితే ఆ పల్స్ నేరుగా పనిచేసేది పైనున్న రెండు మూడు సెంటీమీటర్ల మేరే. పార్కిన్సన్స్‌లో తాకాల్సిన సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న మెదడు భాగం అంతకంటే చాలా లోపల ఉంటుంది. కాంతితో నాడీకణాల్ని నడిపే ఆప్టోజెనెటిక్స్‌కీ ఇదే ఇబ్బంది. కాంతి కణజాలంలో కొద్దిదూరంలోనే చెదిరిపోతుంది కాబట్టి లోతుకి పంపాలంటే ఫైబర్ గుచ్చాలి. లోతుగా పోవాలి, ఒకే చోట పనిచేయాలి, తీగ ఉండకూడదు. ఈ మూడూ ఒకేసారి కావాలనుకున్నప్పుడే నానోకణాల ఆలోచన వచ్చింది.

వేడి పుడుతుందంటున్నారు, మెదడు ఉడికిపోదా?

చాలామందికి ఉన్న భయం ఇదే, అది న్యాయమైనదే. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె వేడెక్కుతుంది కానీ పొయ్యి మీద పెట్టిన చెయ్యి కాలదు కదా, ఇక్కడా కొంత అలాంటిదే జరుగుతుంది. అయితే పొయ్యి మీది గిన్నెలో ముఖ్యంగా సుడి విద్యుత్ప్రవాహాల వల్ల, అంటే లోహంలో గుండ్రంగా తిరిగే కరెంటు వల్ల వేడి పుడుతుంది. నానోకణం అందుకు మరీ చిన్నది. దానిలోని అయస్కాంత దిశ బయటి క్షేత్రంతో పాటు మారాలని చూస్తూ ప్రతిసారీ కొంచెం వెనకబడుతుంది. ఆ వెనకబాటులో పోయే శక్తే వేడి. సెకనుకి 5 లక్షల సార్లు దిక్కు మారితే ఆ కొంచెం కొంచెం కలిసి లెక్కకొస్తుంది.

ఈ వేడిని గుర్తుపట్టేది టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్. నాడీకణం పొర మీద తలుపులా ఉండి, సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కి తెరుచుకుంటుంది. పచ్చిమిర్చి కొరికినప్పుడు నోరు మండేది కూడా దీనివల్లే. మిరపలోని క్యాప్సైసిన్ తగిలితే వేడి లేకపోయినా ఈ తలుపు తెరుచుకుంటుంది. నాలుకకి కారం "కాలినట్టు" అనిపించడానికి కారణం ఇదే. దీన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఒంటి వేడి 37. తలుపు తెరవడానికి మరో ఆరు డిగ్రీలు చాలు. కొన్ని సెకన్లపాటు, ఆవగింజంత చోటులో, ఆరు డిగ్రీలు పెరిగితే నాడీకణాలు తట్టుకుంటాయని ఎలుకల్లో చూశారు. నిమిషాల తరబడి ఉంచితే దెబ్బతింటాయి. ఇక్కడ భద్రత అంటే క్షేత్రాన్ని ఎప్పుడు ఆపాలో తెలియడమే.

నిజంగా ఏం చేసి చూపించారు? పేపర్లో రాసినంతా నమ్మొచ్చా?

వరసగా చెబుతాను, ఏ జీవిలో చేశారో గమనించండి. 2010లో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో ఆర్న్డ్ ప్రాలే బృందం మాంగనీస్ ఫెర్రైట్ (మాంగనీస్, ఇనుము కలిసిన ఆక్సైడ్) కణాలతో ఒక చిన్న పురుగులో ఈ వేడి పద్ధతిని మొదలుపెట్టింది. క్షేత్రం ఇవ్వగానే పురుగు వెనక్కి జరిగింది. 2015లో అమెరికాలోనే ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పొలీనా అనికీవా బృందం ఎలుక మెదడు లోతుల్లో ఇదే చేసింది. 22 నానోమీటర్ల కణాలు వాడారు. ఎక్కించిన నెల తర్వాత కూడా అవి పనిచేశాయి. 2017లో ప్రాలే బృందం మెలకువగా తిరుగుతున్న ఎలుకల్లో చేసి చూపించింది. కణాలు ఎక్కించిన చోటును బట్టి ఎలుక పరిగెత్తింది, లేదా గుండ్రంగా తిరిగింది, లేదా నిలబడిపోయింది.

మనవాళ్లకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది 2021లో వచ్చింది. నెదర్లాండ్స్ పరిశోధకులూ అనికీవా బృందమూ కలిసి, పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెప్పించిన ఎలుకల్లో సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో కణాలు పెట్టారు. క్షేత్రం ఇచ్చాక వాటి కదలికలు మెరుగుపడ్డాయి. ఎలుకలకు తీగ లేదు, తల మీద పెట్టె లేదు. అది చదివినప్పుడు నాకు నిజంగా ఆశ కలిగింది, ఆ ఆశ ఇప్పటికీ ఉంది. అయినా అవి ఎలుకలే. రసాయనం ఇచ్చి ఎలుకకి తెప్పించిన లక్షణాలు వేరు, మనిషిలో ఏళ్ల తరబడి ముదిరే జబ్బు వేరు.

వేగం కూడా పెరిగింది. మొదట్లో నాడీకణం స్పందించడానికి సెకన్లు పట్టేది. 2022లో రైస్ విశ్వవిద్యాలయంలో జేకబ్ రాబిన్సన్ బృందం, ఎంత వేడెక్కింది అన్నదాని కంటే ఎంత త్వరగా వేడెక్కుతోంది అన్నదానికి స్పందించే ప్రోటీన్‌ని పండు ఈగల్లో వాడింది. క్షేత్రం ఇచ్చిన సెకను లోపే ఈగలు రెక్కలు చాపాయి.

వేడి లేకుండా కుదరదా?

కుదురుతుంది. అయస్కాంత క్షేత్రానికి సాగే పదార్థం మీద, సాగితే విద్యుత్తు పుట్టించే బేరియం టైటనేట్ పూత వేస్తే కణమే చిన్న ఎలక్ట్రోడ్‌లా పనిచేస్తుంది. ఎంఐటీ బృందం 2024లో ఇలాంటి 250 నానోమీటర్ల బిళ్లల్ని ఎలుకల్లో వాడింది. ఇందులో జన్యువు మార్చాల్సిన పని లేదు, అదే పెద్ద లాభం. మూడో దారి తోపు. కొరియాలో చాన్ జిన్‌వూ బృందం, స్పర్శను పట్టే పియెజో1 ప్రోటీన్‌ని అయస్కాంత కణాలతో మెలితిప్పి తెరుస్తోంది. క్షేత్రం నెమ్మదిగా తిరిగితే చాలు కాబట్టి దీంట్లో వేడి గొడవ లేదు. కానీ ఆ ప్రోటీన్‌ని నాడీకణాల్లోకి జన్యువు ద్వారా పంపాల్సి వస్తుంది.

ఒంట్లో ఇనుము ఎలాగూ ఉంది కదా, దాన్నే అయస్కాంతంతో కదిపితే పోలేదా?

చాలా మంచి ప్రశ్న. మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. సరిగ్గా ఇదే ఆలోచనతో 2016లో "మ్యాగ్నెటో" అనే ప్రోటీన్ వార్తల్లోకొచ్చింది. మన శరీర కణాల్లో ఇనుమును దాచే ఫెరిటిన్ అనే ప్రోటీన్‌ని ఒక అయాన్ ఛానెల్‌కి (కణం పొర మీద తలుపులాంటి ప్రోటీన్‌కి) అతికించి, అయస్కాంతం దగ్గరికి తెస్తే నాడీకణం స్పందించిందని ఆ పేపర్ చెప్పింది. నానోకణాలు ఎక్కించే పనే ఉండదని అందరూ సంబరపడ్డారు.

అదే ఏడాది అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్కస్ మైస్టర్ కాగితం మీద లెక్క వేశాడు. ఫెరిటిన్ మీద ఆ క్షేత్రం చూపగలిగే బలానికీ, ఛానెల్ తెరవడానికి కావలసిన బలానికీ మధ్య తేడా పదుల్లో వందల్లో లేదు. కనీసం లక్ష రెట్లు, కొన్నిచోట్ల వెయ్యి కోట్ల రెట్లు ఉంది. కారణం కష్టమైనదేమీ కాదు. ఫెరిటిన్‌లో ఎంత నింపినా సుమారు 4,500 ఇనుప పరమాణువులు పడతాయి. వాటి అయస్కాంత దిశలు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 22 నానోమీటర్ల మాగ్నెటైట్ రేణువులో రెండు లక్షలకు పైగా ఇనుప పరమాణువులు ఉంటాయి. అక్కడ దిశలు పూర్తిగా రద్దు కావు, మిగిలినదంతా ఒకటిగా లాగుతుంది. మీరే సైజు నుంచి, సాంద్రత నుంచి ఆ సంఖ్య రాబట్టవచ్చు, ఇంటర్ ఫిజిక్స్ చాలు. 2020లో మూడు వేర్వేరు ప్రయోగశాలలు మ్యాగ్నెటోని మళ్లీ చేసి చూశాయి. ఎవరికీ పనిచేయలేదు.

ఆ కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పేరున్న పత్రికలో వచ్చిన పేపర్ కూడా ఇంకొకరి చేతిలో నిలబడేదాకా సగం వార్తే. తయారుచేసిన నానోకణాలతో వచ్చిన ఫలితాలు ఒకటికంటే ఎక్కువ చోట్ల, ఒకటికంటే ఎక్కువ జీవుల్లో వచ్చాయి. అందుకే వాటిని నమ్ముతున్నాను.

మాగ్నెట్ బెల్టు, బ్రాస్‌లెట్, దిండు... ఇవీ ఇదే సూత్రమని అమ్ముతున్నారు.

కాదు. వాటిలో ఉన్నది కదలని అయస్కాంతం. మీ మెదడులో కణాలు లేవు. కణాలు ఉన్నా సరే, దిక్కు మారని క్షేత్రం వాటిని వేడెక్కించలేదు. మా బంధువుల్లో ఒకాయన బెల్టు కొన్న నమ్మకంతో మాత్రలు ఆపేశాడు. కొద్దిరోజుల్లోనే మంచం మీంచి లేవలేని పరిస్థితి వచ్చింది. పార్కిన్సన్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. బెల్టుకి పోయిన డబ్బు కంటే ఆపేసిన మాత్రల గురించే నా బాధంతా.

మా నాన్నకి చాలా ఏళ్లుగా పార్కిన్సన్స్. ఈ నానో ట్రీట్‌మెంట్ ఎక్కడ చేస్తారు? విశాఖ తీసుకెళ్లమంటారా, హైదరాబాదా?

ఎక్కడా చేయరండి. నాడీకణాలను ఉత్తేజపరచడానికి ఈ కణాలు వాడే చికిత్సకి ఏ దేశంలోనూ ఆమోదం లేదు. చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

ఇప్పుడున్న వైద్యాన్ని పూర్తిగా వాడుకున్నారా అన్నది చూడండి. పార్కిన్సన్స్‌కి ముఖ్యమైన మందు లెవోడోపా. ఆ మాత్ర ఏ టైముకి వేస్తున్నారు? ప్రోటీన్ ఎక్కువున్న భోజనంతో పాటు వేస్తే మందు సరిగా ఒంటికి పట్టకపోవచ్చు. గుడ్లు, మాంసం తిన్న వెంటనే మాత్ర వేసి "పనిచేయట్లేదు" అనుకునేవాళ్లు ఉన్నారు. భోజనానికి ఎంత ముందు వేయాలో మీ డాక్టర్ని అడిగి తెలుసుకోండి. మాత్ర ప్రభావం ఏ టైముకి తగ్గుతోందో, ఎప్పుడు చేతులు కాళ్లు అదుపు తప్పి ఆడుతున్నాయో ఒక నోటుబుక్కులో రాసి పట్టుకెళ్లండి. పలాస నుంచో పార్వతీపురం నుంచో పొద్దున్నే బయల్దేరి వెళ్లి, డాక్టర్ ముందు కూర్చున్న కాసేపట్లో అన్నీ గుర్తురావు. మాత్రలతో అదుపు కాని దశ వస్తే డీబీఎస్ పనికొస్తుందో లేదో అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ, బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనూ అది చేస్తున్నారు. అందరికీ సరిపడదు, ఖర్చు లక్షల్లో ఉంటుంది. కానీ అది మనుషుల్లో రుజువైన చికిత్స.

ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎందుకు చేయట్లేదు మరి?

ముఖ్యమైన అడ్డంకి సైజు. ఎలుక మెదడు అర గ్రాము కూడా ఉండదు, మనది 1,300 గ్రాములకు పైమాటే. వేగంగా మారే క్షేత్రం ఒంట్లో కూడా సన్నని సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. శరీర భాగం ఎంత వెడల్పైతే ఆ ప్రవాహాల వల్ల పుట్టే వేడి అంత ఎక్కువ, వెడల్పు రెట్టింపైతే వేడి నాలుగింతలు. మనుషులు ఇబ్బంది లేకుండా ఎంత తట్టుకుంటారన్నదానికి బ్రెజోవిచ్ అనే శాస్త్రవేత్త 1980ల్లో ఒక హద్దు చెప్పాడు. క్షేత్ర బలాన్ని (ఆంపియర్లు పర్ మీటర్‌లో) ఫ్రీక్వెన్సీతో, అంటే సెకనుకి ఎన్నిసార్లు దిక్కు మారుతుందో చెప్పే హెర్ట్జ్ సంఖ్యతో గుణిస్తే 48.5 కోట్లు దాటకూడదు. 2015 ఎలుకల ప్రయోగంలో 15,000 ఆంపియర్లు పర్ మీటర్, 5 లక్షల హెర్ట్జ్ వాడారు. గుణిస్తే 750 కోట్లు, అంటే హద్దుకి దాదాపు 15 రెట్లు. ఆ హద్దు మొండెమంత వెడల్పుకి చెప్పింది, తలకి కొంత సడలింపు ఉంటుంది. అయినా దూరం పెద్దదే. అందుకే తక్కువ క్షేత్రంలో ఎక్కువ పనిచేసే కణాల కోసం ఇంత వెతుకులాట.

జన్యువు సంగతి ఇంకొకటి. చాలా ప్రయోగాల్లో టీఆర్‌పీవీ1ని వైరస్ సాయంతో నాడీకణాల్లో అదనంగా పెట్టారు. మనిషికి అదంటే విడిగా ఒక జన్యుచికిత్స, దానికి వేరే అనుమతులు. ఎక్కించిన కణాల్ని తిరిగి తీయడం కూడా కుదరదు. పైగా ఇనుము ఉన్నచోట ఎంఆర్ఐ స్కానింగ్‌లో నల్లమచ్చే వస్తుంది కాబట్టి, రేపు ఆ చోట గడ్డ వచ్చినా కనిపించకపోవచ్చు.

మనిషి తలలో అయస్కాంత కణాలు అసలు పెట్టలేదా అంటే, పెట్టారు. జర్మనీలో మెదడు క్యాన్సర్ గడ్డల్లోకి ఐరన్ ఆక్సైడ్ కణాలు ఎక్కించి, లక్ష హెర్ట్జ్ క్షేత్రంతో వేడిచేసే పద్ధతికి 2010లో యూరప్ అనుమతి వచ్చింది. అక్కడ ఉద్దేశం గడ్డని కాల్చడం, మనకి కావలసింది నాడీకణాన్ని కాల్చకుండా లేపడం. ఆ రోగులకు దగ్గర్లో లోహం ఉండకూడదని పంటి ఫిల్లింగులు, క్యాపులు కూడా తీయించేవారు.

మాది ఉద్దానం. ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉన్నారు. ఇలాంటి ఇనుప కణాలు కిడ్నీకి చేటు కాదా?

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల రక్తహీనతకే 2009లో అమెరికాలో ఫెరుమాక్సిటాల్ అనే ఐరన్ ఆక్సైడ్ నానోకణాల ఇంజెక్షన్‌కి అనుమతి ఇచ్చారు. ఈ రేణువుల్ని ఎక్కువగా లివర్, ప్లీహం పట్టుకుని ఇనుముగా వాడేసుకుంటాయి, కిడ్నీ మీద పెద్ద భారం పడదు. అలర్జీ రియాక్షన్ మాత్రం ప్రాణం మీదికి తేగలదు, అందుకని 2015లో హెచ్చరికను కఠినం చేశారు. అయితే రక్తంలోకి ఇచ్చేది వేరు, మెదడు కణజాలంలోకి ఇచ్చేది వేరు. ఒకటి సురక్షితమైతే రెండోది కూడా అంతేనని అనుకోకూడదు.

గరివిడి దగ్గర మాంగనీస్ పనిలో ఉండేవాణ్ణి. మాంగనీస్ కణాలంటున్నారు, మాంగనీస్ వల్లే వణుకొస్తుందని కూడా అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే, కాకపోతే వేర్వేరు సంగతులు. చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలో కోడూరు, గర్భాం గనుల నుంచి 1890ల నుంచీ ఈ ఖనిజం తవ్వుతున్నారు. మాంగనీస్ ధూళి చాలాకాలం ఎక్కువగా పీలిస్తే మెదడు దెబ్బతిని, పార్కిన్సన్స్‌ని పోలిన జబ్బు రావచ్చు. స్కాట్లండ్‌లో ఖనిజం పొడిచేసే కూలీల్లో దీన్ని కూపర్ అనే ఆయన 1837లోనే రాసిపెట్టాడు. దానికి లెవోడోపా అంతగా పనిచేయదు. అందుకే మీ పని సంగతి న్యూరాలజిస్టుకి తప్పకుండా చెప్పండి, ఎన్నేళ్లు చేశారో, మాస్క్ ఉండేదో లేదో కూడా. డాక్టర్ అడగకపోయినా చెప్పండి. ఇక నానోకణాల సంగతికొస్తే, మాంగనీస్ ఉన్నవి వాడిన 2010 పురుగు ప్రయోగం తర్వాత ఎలుకల్లో జరిగిన ముఖ్యమైన పనిలో చాలావరకు ఇనుముతో చేసిన మాగ్నెటైట్‌నే వాడారు.

టీకాలో ఇలాంటివి కలిపి మనుషుల్ని ఆడిస్తారట కదా?

లేదు. చేతికి వేసిన సూదిలోంచి కణాలు మెదడులో ఒక చోటుకి చేరవు, ఎవరూ దూరం నుంచి అంత క్షేత్రాన్ని పంపలేరు. పిల్లలకు టీకాలు వేయించండి.

మా అమ్మాయి ఎంపీసీ. ఈ రంగంలోకి వెళ్లాలంటే డాక్టర్ కావాలా?

అక్కర్లేదు. అనికీవా మెటీరియల్స్ సైంటిస్టు, ప్రాలే ఫిజిక్స్ ప్రొఫెసర్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెటీరియల్స్, బయోమెడికల్ ఇంజినీరింగ్, ఏ దారిలో అయినా రావచ్చు. మొదటి మెట్టు మన డిగ్రీ కాలేజీ ల్యాబులోనే ఉంది. ఫెర్రిక్ క్లోరైడ్ రెండు పాళ్లు, ఫెర్రస్ క్లోరైడ్ ఒక పాలు నీళ్లలో కలిపి, లెక్చరర్ దగ్గరుండగా అమ్మోనియా పోస్తే నల్లటి మాగ్నెటైట్ నానోకణాలు అడుగున పడతాయి. గ్లాసు పక్కన అయస్కాంతం పెడితే ఆ నలుపంతా అటు జరుగుతుంది. అది చూసిన పిల్లలకు తర్వాత పుస్తకం చదవమని చెప్పాల్సిన పని ఉండదు. కళింగపట్నం ఒడ్డున నల్ల ఇసుకలో బలమైన అయస్కాంతం తిప్పమని కూడా చెప్పండి, అంటుకునే గింజల్ని తెచ్చి భూతద్దంలో చూడమనండి.

రేపు మన దేశంలో ట్రయల్ మొదలైతే నాకెలా తెలుస్తుంది?

మనుషుల మీద చేసే క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే సర్కారీ రిజిస్ట్రీ ఉంది, పేరు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా, సీటీఆర్ఐ అంటారు. 2007లో మొదలైంది, ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. జబ్బు పేరు కొట్టి చూడండి. ఏ ఆసుపత్రి, ఎవరు బాధ్యులు, ఎంతమందిని తీసుకుంటున్నారు అన్నీ ఉంటాయి. ఎవరైనా "మా దగ్గర ట్రయల్ నడుస్తోంది" అంటే రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి అక్కడే సరిచూడండి. పరీక్షలో ఉన్న పరికరానికి రోగి దగ్గర డబ్బు తీసుకోవడం పద్ధతి కాదు. మీ దగ్గర తెలుగులో అంగీకార పత్రం తీసుకోవాలి, అర్థం కానిది అడిగే హక్కు, మధ్యలో మానుకునే హక్కు మీకుంటాయి. నెట్‌లో వెతకడం రాకపోతే ఇంటర్ చదివే పిల్లలెవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి, కాసేపట్లో వెతికి పెడతారు.